బెంచి మీది ల్యాప్‌టాప్‌లో కంటబడిన ఫోల్డరు

రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగితే సర్వీసింగ్ లైనులో ఉన్నవాడికి రెండే అనుమానాలు. ఎవరిదో సర్వర్ పడిపోయి ఉండాలి, లేదా ఎవరో ఒక డిస్కు బదులు ఇంకో డిస్కు ఫార్మాట్ కొట్టి ఉండాలి. ఆ రోజు రెండూ కాదు. బెజవాడలో ఒక చిన్న షాపులో పనిచేస్తున్న కుర్రాడు, అంతకుముందు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో నా పక్క బెంచి మీద ఆరు నెలలు పని నేర్చుకున్నవాడు. "అన్నా, కస్టమర్ ల్యాప్‌టాప్‌కి బ్యాకప్ తీస్తుంటే చూడకూడనివి కనబడ్డాయి. చిన్నపిల్లలవి. మా ఓనర్‌కి ఫొటో తీసి వాట్సాప్ చెయ్యనా?" అన్నాడు.

"చెయ్యకు" అన్నాను ముందు. ఆ తర్వాతే "అసలేం జరిగింది?" అని అడిగాను. కావాలనే ఆ వరుసలో అడిగాను. ఇలాంటప్పుడు చెడిపోయేదంతా మొదటి పది నిమిషాల్లోనే చెడిపోతుంది. ఆ పది నిమిషాల్లో చేతులు కట్టుకుని కూర్చున్నవాడికి తర్వాత పెద్దగా ఇబ్బంది ఉండదు. నేను వకీలును కాను. ఇరవై ఏళ్ళు జనం కంప్యూటర్లు విప్పి బిగించినవాణ్ణి. ఇలాంటి సంగతుల్లో ఒకటి రెండుసార్లు స్టేషన్ మెట్లు ఎక్కినవాణ్ణి కూడా. ఆ రాత్రి వాడికి చెప్పినదీ, హడావుడిలో చెప్పలేకపోయినదీ ఇక్కడ రాస్తున్నాను.

ఫొటో ఎందుకు వద్దన్నానంటే, ఐటీ చట్టం 67బి సెక్షన్ పిల్లల అశ్లీల చిత్రాలను ప్రచురించినా, పంపినా, సేకరించినా, దించుకున్నా నేరమంటుంది. మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. నువ్వు సదుద్దేశంతో ఓనర్‌కి పంపిన ఆ ఒక్క ఫొటో కూడా 'పంపడమే'. నీ ఉద్దేశం మంచిదని తర్వాత కోర్టులో నిరూపించుకోవచ్చు, కాదనను. కానీ నిరూపించుకోవలసిన స్థితి దేనికి తెచ్చుకోవడం? పైగా ఆ ఫొటో నీ ఫోన్‌లో ఉంటుంది, ఓనర్ ఫోన్‌లో ఉంటుంది, ఇద్దరి బ్యాకప్ ఖాతాల్లోకీ తనంతట తానే ఎక్కుతుంది. ఆ బిడ్డ బొమ్మ ఇంకో నాలుగు చోట్లకు పాకినట్టే.

ఆ తర్వాత వచ్చే కోరిక, నిజమేనా కాదా అని ఇంకో నాలుగు ఫైళ్ళు తెరిచి చూడటం. మనిషి నైజం అది. మా కుర్రాడూ "ఇంకా ఏమున్నాయో చూసి చెప్తానన్నా" అన్నాడు. చూడొద్దు. కంప్యూటర్ ఊరికే ఉండే వస్తువు కాదు. ఒక ఫైలు తెరిస్తే ఇటీవల తెరిచినవాటి జాబితాలో అది చేరుతుంది. ఫోల్డరు తెరిస్తే బొమ్మల చిన్నరూపాలు వేరే చోట దాచుకుంటుంది. సిస్టమ్‌ను మామూలుగా ఆన్ చేసి ఆఫ్ చేసినా వందల ఫైళ్ళ తేదీలు మారతాయి. రేపు ఫోరెన్సిక్ లాబ్‌లో కూర్చున్నవాడికి 'ఈ ఫైలును చివరిగా తెరిచిందెవరు' అన్న ప్రశ్న ఎదురైతే, దానికి జవాబుగా నీ షాపు, నీ టైము కనబడితే ఎట్లా ఉంటుంది? నేరం చేసినవాడి వకీలుకు అంతకంటే మంచి బహుమతి ఉండదు. చెయ్యనివాడైతే మరీ అన్యాయం. వాణ్ణి కాపాడే ఆనవాళ్ళు నీ చేతి మీదుగా చెరిగిపోతాయి.

డిలీట్ కొట్టి చేతులు దులుపుకుందామనే ఓనర్లు ఉన్నారు. "మనకెందుకురా, ఫార్మాట్ చేసి ఇచ్చెయ్" అనే మాట ఈ లైనులో నేను చాలాసార్లు విన్నాను. నేరానికి సాక్ష్యం మాయం చెయ్యడం భారతీయ న్యాయ సంహిత 238 కింద, సాక్ష్యం కాగల ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చెయ్యడం 241 కింద నేరాలు. కస్టమర్‌కి ఫోన్ చేసి తిట్టడం, బెదిరించడం ఇంకో రకం తెలివితక్కువ. వాడు తప్పు చేసినవాడైతే ఇంట్లో ఉన్న రెండో ఫోను, పెన్‌డ్రైవు పొద్దున్నకి కాలవలో ఉంటాయి. ఇక 'బయటికి చెప్పకుండా ఉంటాం, ఓ పాతిక వేలు ఇవ్వు' అనే రకం ఉంటుంది. దాని పేరు బ్లాక్‌మెయిలే, వేరే పేరు లేదు.

సరే, మరి చెయ్యాల్సిందేమిటి? పని ఆపు. కాపీ నడుస్తుంటే అక్కడే ఆపు. కస్టమర్ డిస్కును విప్పి మన షాపు సిస్టమ్‌కి తగిలించి ఉంటే దాన్ని వేరుచెయ్యి. ల్యాప్‌టాపే ఆన్‌లో ఉంటే ఇంకేమీ నొక్కకుండా మూత కూడా వెయ్యకుండా వదిలేసి, ఫోన్‌లో పోలీసుల్నే అడుగు, ఆపాలా వద్దా అని. డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఉన్న మెషీను అయితే ఒకసారి ఆపితే మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. ఎస్‌ఎస్‌డీ ఉన్నదైతే ఆన్‌లో ఉన్నంతసేపూ చెరిపిన చోటును తనంతట తానే తుడిచేసుకుంటూ పోవచ్చు. ఏది మేలో మెషీనును బట్టి మారుతుంది, కాబట్టి ఆ నిర్ణయం మన నెత్తిన వేసుకోకూడదు.

ఇక్కడ మా కుర్రాడు ఒక మంచి ప్రశ్న వేశాడు. బ్యాకప్ సగం అయిపోయింది కదా, ఆ ఫోల్డరు షాపు డిస్కులోకి కూడా వచ్చేసి ఉంటుంది, దాన్ని తీసెయ్యనా అని. తీసెయ్యకు. రహస్యంగా తీసేస్తే దాచినట్టు కనబడుతుంది. ఆ డిస్కునూ పక్కన పెట్టి, దాని నంబరు కూడా ఫిర్యాదులో నువ్వే రాయి. అందులో ఇంకో పదిమంది కస్టమర్ల పెళ్ళి వీడియోలూ, ఆఫీసు లెక్కలూ ఉన్నాయట. ఆ పదిమంది సామాను ఇప్పుడు పోలీసుల దగ్గరికి వెళ్తుంది. ఒక్కో కస్టమర్ బ్యాకప్‌కి ఒక్కో డిస్కు వాడమని, పని అయ్యాక తుడిచి పెట్టమని నేను పోరేది ఇందుకే. ఖర్చని నవ్వుతారు. ఆ రోజు వాళ్ళ ఓనర్ నవ్వలేదు.

తర్వాత కాగితం, పెన్ను. ఫోన్‌లో నోట్ కాదు, షాపు జాబ్ కార్డు వెనక అయినా సరే పెన్నుతో రాయి. మెషీను మోడలు, సీరియల్ నంబరు. ఎవరు ఎప్పుడు ఇచ్చారు, ఏ పని చెప్పారు. ఆ పని చేస్తుండగా ఎన్ని గంటలకు ఏ ఫోల్డరు ఎట్లా కనబడింది, ఎన్ని కనబడ్డాయి. ఆ తర్వాత నువ్వేం చేశావు, ఏం చెయ్యలేదు. బొమ్మలో ఏముందో ఒక్క ముక్కలో చాలు. వర్ణనలు అక్కర్లేదు. ఆ బిడ్డ ఎవరై ఉంటుందని ఊహాగానాలు అసలే వద్దు. తెలిసిన పిల్లే అని గుర్తుపడితే ఆ మాట స్టేషన్‌లో అధికారికి చెప్పాలి, ఇంట్లో భార్యకు కూడా చెప్పకూడదు.

చెప్పడం మన ఇష్టమా, విధా అన్నదగ్గర చాలామందికి తికమక ఉంది. పిల్లల విషయంలో అది విధే. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా ప్రత్యేక జువెనైల్ పోలీసు విభాగానికో స్థానిక పోలీసులకో చెప్పి తీరాలంటుంది. 20వ సెక్షన్ హోటళ్ళు, లాడ్జీలు, ఆసుపత్రులు, ఫొటో స్టూడియోల పేర్లు ఎత్తి మరీ చెప్తుంది. కంప్యూటర్ రిపేరు షాపు పేరు అందులో లేదు కదా అని ఒక ఓనర్ నాతో వాదించాడు. 19లో 'ఎవరైనా' అన్న మాట నీకూ నాకూ సరిపోతుంది బాబూ అన్నాను. 2020 నాటి పోక్సో నియమాలైతే ఇలాంటి సామగ్రి అందినవాళ్ళెవరైనా సరే పోలీసులకో, సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లోనో చెప్పాలనీ, ఏ పరికరంలో కనబడిందో ఆ వివరాలు ఇవ్వాలనీ విడమరిచాయి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. సదుద్దేశంతో చెప్పినవాడి మీద కేసు ఉండదని 19లోనే రాసి ఉంది. పాత కక్ష పెట్టుకుని తప్పుడు ఫిర్యాదు ఇస్తే మాత్రం 22వ సెక్షన్ కింద నీకే శిక్ష.

ఎక్కడ చెప్పాలి? సైబర్ క్రైమ్ స్టేషన్ ఉంటే అక్కడ, లేకపోతే దగ్గర్లో ఏ స్టేషన్ అయినా. 'మా పరిధి కాదు' అని తిప్పి పంపడానికి ఇప్పుడు వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి. ఐటీ చట్టం కింద దర్యాప్తు మాత్రం ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే చెయ్యాలి. అంటే ముందు కలిసిన కానిస్టేబుల్‌కి స్క్రీన్ తెరిచి చూపించాల్సిన పని లేదు. పేరు చెప్పడానికి భయమైతే పోర్టల్‌లో పిల్లల మీద నేరాల విభాగంలో పేరు లేకుండా చెప్పే వీలు ఉంది. కానీ మెషీను నీ బెంచి మీదే ఉన్నప్పుడు పేరు దాచడం కుదిరే పని కాదు. ఎదురుగా వెళ్ళి చెప్పడమే నయం. ఓనర్‌ని తీసుకుని వెళ్ళు. ఓనర్ రానంటే నువ్వే వెళ్ళు. ఉద్యోగం పోతుందేమో అన్నాడు మావాడు. పోవచ్చు. దానికి తియ్యటి జవాబు నా దగ్గర లేదు. ఐతే సీటీసీ నుంచి బెజవాడ బందరు రోడ్డు దాకా చేతిపని వచ్చిన కుర్రాడికి ఇంకో బెంచి దొరుకుతుంది. పోలీసు రికార్డు ఉన్నవాడికి దొరకదు.

పోలీసులు మెషీను తీసుకునేటప్పుడు పంచనామా రాస్తారు. అందులో సీరియల్ నంబరు ఉందో లేదో నువ్వే చూడు. ల్యాప్‌టాప్ అని మాత్రం రాసి సంతకం పెట్టమంటే పెట్టకు, మర్యాదగా నంబరు చేర్చమను. కొత్త చట్టం 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తియ్యాలి. హ్యాష్ విలువ అని ఒకటుంటుంది, డిస్కుకు వేలిముద్ర లాంటిది. డిస్కులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. దాన్ని తీసుకున్న రోజే రాసిపెడితే, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని తర్వాత చెప్పగలరు. సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంలో ఇప్పుడు ఆ సంఖ్యకు చోటు ఉంది. యూనిఫాం లేకుండా వచ్చి 'ఆ ల్యాప్‌టాప్ ఇటివ్వు' అంటే ఇవ్వకు. ఐడీ కార్డు చూడు, రాతపూర్వకంగా అడుగు, నకలు తీసుకో.

పోలీసులు వచ్చేలోగా కస్టమరే వచ్చి నిలబడితే? సీసీ కెమెరా ఫుటేజీలో హీరో కావాలనే కుర్రాళ్ళకు ఇది ముఖ్యంగా చెప్పాలి. నీకు వాణ్ణి బంధించే అధికారం లేదు. 'పని ఇంకా అవ్వలేదు, రేపు రండి' అంటే చాలు. పట్టుబట్టి లాక్కుంటే ఇచ్చెయ్యి, వెంటనే పోలీసులకు చెప్పు. నీ కాగితం మీద సీరియల్ నంబరు ఉంది కదా, అది వాళ్ళకు చాలు.

ఇప్పటిదాకా చెప్పిందంతా పిల్లల సంగతి. మన కంటికి నచ్చనిదంతా నేరం కాదన్నది కూడా అంతే గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్ళ నీలిచిత్రాలు ఒకడి కంప్యూటర్‌లో ఉంటే, వాడు ఎవరికీ పంపనంతవరకూ అది వాడి గోల. పైరసీ సినిమాలు, దొంగ సాఫ్ట్‌వేర్ కనబడితే 'ఇది ఒరిజినల్ కాదండీ, అప్‌డేట్లు రావు' అని చెప్పి వదిలెయ్యి. రెండో లెక్కల పుస్తకం, రాజకీయ కరపత్రం, ఎవరి ప్రేమలేఖో కనబడితే నువ్వు చూడనట్టే. హత్య, బందిపోటు దోపిడీ లాంటి కొన్నిటి గురించి తెలిస్తే చెప్పాలని సురక్షా సంహిత 33వ సెక్షన్‌లో ఉంది. అవి రిపేరు బెంచి మీద రోజూ తగిలేవి కావు. నాకు ఇప్పటికీ తేల్చుకోవడం కష్టమనిపించేది ఒకటే, హాస్టల్ బాత్‌రూమ్‌లోనో ట్రయల్ రూమ్‌లోనో దొంగ కెమెరాతో తీసినట్టు కనబడే ఆడవాళ్ళ వీడియో. అలా తియ్యడం నేరమే. చెప్పి తీరాలని పోక్సోలో లాగా సూటిగా రాసి లేదు. నేనైతే చెప్తాను. హైదరాబాద్‌లో అయితే ఆడవాళ్ళ మీద వేధింపులు చూసే పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నాయి, సంకోచం లేకుండా వాళ్ళ దగ్గరికి వెళ్తాను. ఐతే అది దొంగచాటుదో, మొగుడూ పెళ్ళాల సొంతదో తేల్చడానికి వీడియో మొత్తం చూస్తానంటే మాత్రం, తమ్ముడూ, నువ్వు చూస్తున్నది సాక్ష్యం కోసం కాదు.

దొరికింది కాబట్టి దోషే అనుకోవడం ఇంకో తప్పు. ఆ రాత్రి మావాడు కస్టమర్‌ని వాడు, వీడు అంటూ తిడుతున్నాడు. వాడి కోపం నాకు అర్థమైంది. కానీ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి ఒకతని కథ చెప్పాను. 2006లో ఆఫీసు వాళ్ళు అతనికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఇంటర్నెట్ బిల్లు తోటివాళ్ళకంటే చాలా ఎక్కువ వస్తోందని తెరిచి చూస్తే పిల్లల అశ్లీల చిత్రాలు. 2007 మార్చిలో ఉద్యోగం తీసేశారు, కేసు పెట్టారు. స్నేహితులు మొహం తిప్పుకున్నారు. తీరా నిపుణులు పరిశీలిస్తే ఆ ల్యాప్‌టాప్‌లో వైరస్ రక్షణ సరిగా పనిచెయ్యడంలేదు. లోపల చేరిన మాల్‌వేర్ నిమిషానికి నలభై దాకా అలాంటి సైట్లకు తనంతట తానే వెళ్తోంది. మనిషి చేత్తో నొక్కి చెయ్యగలిగే పని కాదది. 2008లో కేసు ఎత్తేశారు. ఆలోగా అతనూ, భార్యా వకీళ్ళకు, నిపుణులకు రెండున్నర లక్షల డాలర్లు ఖర్చుపెట్టుకున్నారు.

ఇంకో కథ మన వృత్తికి సూటిగా తగిలేది. కాలిఫోర్నియాలో ఒక డాక్టర్ 2011లో తన కంప్యూటర్‌ను బెస్ట్ బయ్ అనే ఎలక్ట్రానిక్స్ షాపులో రిపేరుకు ఇచ్చాడు. డేటా రికవరీకి కెంటకీ రాష్ట్రంలోని వాళ్ళ కేంద్రానికి పంపారు. అక్కడి టెక్నీషియన్‌కు ఒక బొమ్మ కనబడింది, ఎఫ్‌బీఐకి చెప్పారు, కేసు పడింది. కోర్టులో తవ్వితే, అక్కడి సిబ్బందిలో కొందరికి ఎఫ్‌బీఐ నుంచి డబ్బు ముట్టిన సంగతి బయటపడింది. రిపేరు చేసేవాడు డబ్బు కోసం వెతుకుతున్నాడంటే, వాడు పోలీసు తరఫున వారంటు లేకుండా సోదా చేసినట్టే కదా అన్నారు డిఫెన్స్ వాళ్ళు. ఆ బొమ్మ కూడా డిస్కులో చెరిపేసిన ఖాళీ చోట దొరికినది. అక్కడ దొరికినదాన్ని బట్టి ఎవరు, ఎప్పుడు, తెలిసి చూశారా అన్నది చెప్పలేరు. సోదా వారంటు కోసం ఇచ్చిన అఫిడవిట్‌లో తప్పుదోవ పట్టించే మాటలున్నాయని 2017లో జడ్జి ఇంటి సోదాలో దొరికిన సాక్ష్యాన్ని పక్కన పెట్టారు. కేసు వీగిపోయింది. ఆ డాక్టర్ నిజంగా ఏమిటో ఇక ఎవరికీ తెలియదు.

దానికి ముందే 1997లో ఇంగ్లండ్‌లో గ్యారీ గ్లిట్టర్ అనే పేరుమోసిన పాటగాడు బ్రిస్టల్ దగ్గర పీసీ వరల్డ్ షాపులో ల్యాప్‌టాప్ రిపేరుకు ఇచ్చాడు. పని చేస్తున్నవాళ్ళకు బొమ్మలు కనబడ్డాయి, పోలీసులకు చెప్పారు. 1999లో వాడికి నాలుగు నెలలు జైలు.  కేసు నిలబడింది.

మన దేశంలో సంగతి ఇంకాస్త వేరు. వారంటు లేకుండా తెచ్చినా, పద్ధతి తప్పి తెచ్చినా, సంబంధమున్న సాక్ష్యమైతే కోర్టు చూడవచ్చని 1973లోనే పూరణ్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు చెప్పారు. ఐనా కాలిఫోర్నియాలో జరిగినట్టు సాక్ష్యం పక్కన పడెయ్యడం మన దగ్గర అరుదు. దీన్ని కొందరు 'అయితే ఎంతైనా వెతకొచ్చు' అని అర్థం చేసుకుంటారు. నేను తిరగేసి చూస్తాను. పోలీసు తప్పు చేస్తే అక్కడ కోర్టు ఆపుతుంది. ఇక్కడ ఆ గోడ అంత ఎత్తు లేదు. కాబట్టి బెంచి మీద కూర్చున్నవాడి నిగ్రహమే చాలాసార్లు కస్టమర్‌కు మిగిలే ఒకే ఒక గోడ.

ఆ నిగ్రహం మన లైనులో ఎంతుందో చూద్దాం. కెనడాలో గెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ల్యాప్‌టాప్‌ల లోపల రహస్యంగా రికార్డు చేసే ఏర్పాటు పెట్టి పదహారు రిపేరు షాపులకు ఇచ్చారు. పన్నెండిటి రికార్డులు పనికొచ్చాయి. అందులో ఆరు చోట్ల పనితో సంబంధం లేని సొంత ఫైళ్ళు తెరిచి చూశారు. రెండు చోట్ల కాపీ కూడా చేసుకున్నారు. ఆ షాపులకు ఇచ్చింది సౌండ్ ఎందుకు రావడంలేదో చూసే చిన్న పని. 2008లో హాంకాంగ్ నటుడు ఎడిసన్ చెన్ రిపేరుకిచ్చిన కంప్యూటర్ నుంచి టెక్నీషియన్ దొంగిలించిన ఫొటోలు ఎంతమంది ఆడవాళ్ళ జీవితాల్ని రోడ్డు మీద పెట్టాయో అప్పట్లో అందరూ చూశారు. ఆ టెక్నీషియన్ జైలుకు వెళ్ళాడు. మన ఐటీ చట్టంలో కూడా పని ఒప్పందం కింద చేతికొచ్చిన సొంత సమాచారాన్ని బయటపెడితే మూడేళ్ళ దాకా జైలు, 72ఎ సెక్షన్.

అందుకే అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటాను కొత్తగా చేరినవాళ్ళతో. సౌండ్ రాకపోతే పరీక్షకు మన పాట పెట్టు, కస్టమర్ పాటల ఫోల్డరు తెరవకు. స్క్రీన్ మారిస్తే మన బొమ్మతో చూసుకో. చాలా పనులకు పాస్‌వర్డ్ అవసరమే లేదు. కీబోర్డు, ఫ్యాను, హింజ్, బ్యాటరీ పనికి వచ్చినవాణ్ణి పాస్‌వర్డ్ అడగడం మన బద్ధకం. అవసరమైతే కస్టమర్ చేతే వేరే ఖాతా ఒకటి పెట్టించుకో. బ్యాకప్ తీసేటప్పుడు ఫోల్డర్లను బొమ్మల రూపంలో కాకుండా జాబితా రూపంలో పెట్టుకుంటే చిన్నరూపాలు కంటబడవు. బ్యాకప్ సరిగా వచ్చిందో లేదో చూడటానికి ఫొటోలు తెరవక్కర్లేదు, ఫైళ్ళ సంఖ్య, సైజు సరిపోల్చు. తెరిచి చూడాల్సిందే అంటే కస్టమర్‌ని పిలిచి ఆయన చెప్పిన ఫైలు ఆయన ముందే తెరువు. జాబ్ కార్డు మీద ఒక వాక్యం అచ్చు వేయించుకో: చెప్పిన పనికి అవసరమైనంతే తెరుస్తాం, పని చేస్తుండగా పిల్లలపై నేరానికి సంబంధించినది కంటబడితే చట్ట ప్రకారం పోలీసులకు చెప్తాం. ఈ వాక్యం చూసి వెళ్ళిపోయే కస్టమర్ వెళ్ళిపోతే నష్టం లేదు.

ఆఫీసుల్లో పనిచేసే సిస్టమ్ అడ్మిన్‌లకు, హెచ్‌ఆర్ వాళ్ళకు ఒక మాట. ల్యాప్‌టాప్ కంపెనీదే, తనిఖీ చేసే హక్కు కూడా పాలసీలో రాసి సంతకం తీసుకుని ఉంటే కంపెనీకి ఉంటుంది. కానీ కంపెనీలు చేసే మొదటి తప్పు నాకు కంఠతా వచ్చు. ఆ ఉద్యోగిని గదిలోకి పిలిచి రాజీనామా రాయించుకుని, ల్యాప్‌టాప్ తుడిచి ఇంకొకరికి ఇచ్చెయ్యడం. పరువు కాపాడుకున్నామనుకుంటారు. కింది ఉద్యోగి చేసిన నేరం చెప్పకుండా ఊరుకున్న సంస్థ బాధ్యుడికి పోక్సో 21వ సెక్షన్ రెండో భాగంలో ఏడాది దాకా జైలు, జరిమానా ఉన్నాయి. రెండో తప్పు, ఐటీ టీమ్‌లో అందరికీ తెలియడం. ముగ్గురికి మించి తెలియకూడదు. చూసినవాడు, వాడి పైవాడు, లీగల్ చూసేవాళ్ళు. అతన్ని విచారణ పూర్తయ్యేదాకా సెలవు మీద పంపవచ్చు. కారణం టీమ్ గ్రూపులో పెట్టకూడదు. సర్వర్ లాగులు, వీపీఎన్ రికార్డులు, ఆ మెషీను ఇంతకుముందు ఎవరి దగ్గర ఉండేదో తెలిపే అసెట్ రిజిస్టరు, ఇవి చెరగకుండా పక్కకు తియ్యాలి. మసాచుసెట్స్ మనిషిని బతికించినవి కూడా ల్యాప్‌టాప్‌లో చెరగకుండా మిగిలిన ఆనవాళ్ళే. మీ ఆఫీసులో మూడు షిఫ్టులూ ఒకే సిస్టమ్ మీద, ఒకే పాస్‌వర్డ్‌తో పనిచేస్తాయా? ఐతే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

మన సొంత ఫోన్‌కే ఇలాంటిది వస్తే సంగతి ఏమిటని చాలామంది అడుగుతారు. పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో 'ఈ దుర్మార్గుణ్ణి పట్టించండి, షేర్ చెయ్యండి' అంటూ వీడియోలు తిరుగుతుంటాయి. షేర్ చేసినవాళ్ళు మంచివాళ్ళే, నేరం చేసినవాళ్ళు కూడా వాళ్ళే. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు చెన్నైకి చెందిన ఒక కేసులో, మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టేస్తూ, ఇలాంటివి దించుకుని ఉంచుకోవడం కూడా నేరం కిందికి వస్తుందని తేల్చింది. వీటిని 'చైల్డ్ పోర్నోగ్రఫీ' అనొద్దనీ, పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీ, దౌర్జన్యాల సామగ్రి అన్న అర్థం వచ్చే మాట వాడమనీ చెప్పింది. నాకు ఆ మాట నచ్చింది. ఆ బొమ్మ ఒక నేరం జరుగుతుండగా తీసినది. నీకు వచ్చినప్పుడు పంపినవాడి నంబరు, గ్రూపు పేరు, టైము కాగితం మీద రాసుకుని ఆ రోజే పోర్టల్‌లో గానీ స్టేషన్‌లో గానీ చెప్పు. ఆ తర్వాత ఉంచాలా తీసెయ్యాలా అన్నది వాళ్ళు చెప్పినట్టు చెయ్యి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని అందులో దొరికితే కొన్న బిల్లు నీకు ప్రాణం. బిల్లు లేకుండా కొనొద్దని ఇందుకు కూడా అంటాను.

మావాడు మర్నాడు పొద్దున ఓనర్‌తో కలిసి స్టేషన్‌కి వెళ్ళాడు. మధ్యాహ్నానికి పంచనామా అయింది, ల్యాప్‌టాప్, షాపు డిస్కు రెండూ సీలు వేసి తీసుకెళ్ళారు. డిస్కులో బ్యాకప్ ఉన్న పదిమందిలో నలుగురు గొడవపెట్టుకున్నారట. ఓనర్ వాళ్ళకు సర్వీసు చార్జీ వదిలేశాడు. కస్టమర్ ఎవరో, కేసు ఏమైందో నేను అడగలేదు. వాడూ చెప్పలేదు.

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. కేసు గురించి కాదు. "అన్నా, అన్నం తినేటప్పుడు ఆ బొమ్మ గుర్తొస్తోంది. మా అక్క కూతురు అదే వయసు" అన్నాడు. ఈ పనిలో చివరిదాకా ఎవరూ లెక్కవెయ్యని ఖర్చు ఇదొకటి. ఒక వారం డేటా పనులు వద్దని హార్డ్‌వేర్ బెంచి మీదికి మారమన్నాను. 14416కి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, ఆ బొమ్మలో ఏముందో వాళ్ళకు చెప్పక్కర్లేదు, నిద్ర పట్టడంలేదని చెబితే చాలన్నాను. నంబరు రాసుకున్నాడు. చేశాడో లేదో మళ్ళీ కనుక్కోవాలి.